గొంతు ఎక్కడుంటే గిటారు అక్కడికి: ఫ్లమెంకో పక్కవాయిద్యం కథ



ఈసారి మన ఊళ్ల చరిత్రను కాసేపు పక్కన పెట్టి స్పెయిన్ దేశం దక్షిణ కొసన ఉన్న అండలూసియాకు పోదాం. అక్కడి ఫ్లమెంకో పాట గురించి, ఆ పాట పక్కన కూర్చునే గిటారు గురించి ఈ వ్యాసం. ఫ్లమెంకో అనగానే మనలో చాలామందికి ఎర్ర గౌను వేసుకుని కాలితో నేలను తన్నుతూ ఆడే నర్తకి గుర్తొస్తుంది. అక్కడివాళ్ల లెక్కలో మాత్రం మొదటిది పాట. ఆటా, గిటారూ తరువాత వచ్చినవే. గిటారు చాలాకాలం పాటకు ఊడిగం చేసింది. ఊడిగం చేస్తూ చేస్తూనే ప్రపంచమంతా చెవొగ్గి వినే వాయిద్యం అయింది. అది ఎట్లా జరిగిందో చెప్తాను. విషయం సంగీతానిదే అయినా మన సంఘానికి పనికొచ్చే మాట ఒకటి ఇందులో ఉంది. చివర్లో దానికి వస్తాను.

ముందు మనుషుల సంగతి

ఫ్లమెంకోను నిలబెట్టినవాళ్లలో హితానోలు ముఖ్యులు. జిప్సీలు అని మనం వినే జాతిలో స్పెయిన్ శాఖ వాళ్లు. ఈజిప్టు నుంచి వచ్చారని జనం నమ్మారు, ఆ మాటలోంచే హితానో అనే పేరు పుట్టింది. 1425లో ఆరగాన్ రాజు ఐదో అల్ఫోన్సో, 'చిన్న ఈజిప్టు దొర' అని చెప్పుకున్న హువాన్ అనే ఆయనకు ఇచ్చిన ప్రయాణ అనుమతి పత్రమే ఆ దేశంలో వీళ్ల గురించి దొరికే తొలి ఆధారం. అసలు మూలం మన దేశమని భాషా పండితులు తేల్చారు. స్పెయిన్ హితానోల మాటల్లో నీళ్లకు 'పన్యీ' అని పేరు. హిందీ 'పానీ'కి అది దగ్గరి చుట్టం.

వాళ్ల బ్రతుకు సుఖంగా సాగలేదు. 1499లో చట్టం వచ్చింది: ఒకచోట స్థిరపడి ఎవరిదగ్గరైనా పనికి కుదరాలి, లేదా దేశం వదలాలి. వేషం మానుకోవాలని, భాష మానుకోవాలని తరువాత మరిన్ని చట్టాలు వచ్చాయి. 1749 జులై 30న దేశమంతటా ఒకేసారి వాళ్లను పట్టుకునే ఏర్పాటు చేసి వేలమందిని నిర్బంధించారు. మగవాళ్లను నౌకా స్థావరాల్లో పనికి, ఆడవాళ్లను, పిల్లలను వేరే చోట్లకు పంపారు. భాష చాలావరకు పోయింది. ఇప్పుడు వాళ్లు పాడేది అండలూసియా యాస స్పానిష్‌లోనే. భాష పోయినా గొంతు పోలేదు.

అయితే ఈ కళ వాళ్లు ఒక్కరే చేసింది కాదు. అండలూసియా రైతులు, గని కూలీలు, రేవు పట్టణాల జనం అందరి పాటలూ ఇందులో కలిశాయి. పేరుమోసిన గాయకుల్లో సిల్వేరియో ఫ్రాంకొనెత్తి, ఆంతోనియో చకోన్ హితానోలు కారు.

గిటారు లేని పాట

ఫ్లమెంకోలో పాతవిగా ఎంచే పాటల్లో తోనా, మార్తినేతే అనే రకాలున్నాయి. వీటికి వాయిద్యం లేదు. మార్తినేతేకు కొలిమి పాట అని పేరు. ఇప్పుడు రంగస్థలం మీద పాడినా పక్కన సుత్తి దెబ్బ మాత్రమే వినిపిస్తారు. ఇట్లాంటి పాటలో శ్రుతి ఏది? గాయకుడి గొంతు ఆ పూట ఎక్కడ నిలిస్తే అదే. జలుబు చేసిన రోజు ఒక శ్రుతి, ఉత్సాహంగా ఉన్న రోజు ఇంకొకటి. మన అవ్వలు రోకటి పాట పాడినప్పుడూ అంతే కదా.

ఇట్లాంటి గొంతుల పక్కకు గిటారు వచ్చింది. గిటారుకు మెట్లు బిగించి ఉంటాయి. దాని శ్రుతులు ముందే కట్టి పెట్టినవి. గొంతు స్వేచ్ఛకూ మెట్ల కట్టుబాటుకూ సంధి కుదర్చడమే ఫ్లమెంకో పక్కవాయిద్యం చరిత్ర.

ఈ చిక్కు స్పెయిన్‌కు అప్పటికి కొత్తది కాదు. 1596లో హువాన్ కార్లోస్ అమాత్ అనే కాటలోనియా వైద్యుడు గిటారు మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటి గిటారుకు ఐదు జతల తీగలు. ఆయన 12 మేజర్ కార్డులకు, 12 మైనర్ కార్డులకు అంకెలు వేసి ఒక చక్రంలో అమర్చాడు. పాట ఏ శ్రుతిలో మొదలైనా ఆ చక్రంలో అక్కడినుంచి లెక్కపెట్టుకుంటే సరైన కార్డు దొరుకుతుంది. సంగీతం చదవడం రానివాడు కూడా ఎవరి పాటకైనా గిటారు కొట్టగలిగే ఉపాయం అది.

1847లో ఎస్తెబానెజ్ కాల్దెరోన్ అండలూసియా జీవితం మీద రాసిన పుస్తకంలో ఎల్ ప్లానెతా అనే గాయకుడు తానే వాయించుకుంటూ పాడుతున్నట్టు కనబడతాడు. పాడేవాడే వాయించుకుంటే శ్రుతి గొడవ లేదు. తన గొంతు తనకు తెలుసు.

గొడవ ఎప్పుడు మొదలైంది?

కఫేలతో మొదలైంది. 19వ శతాబ్దం రెండో సగంలో సెవిల్, కాదిజ్, హెరెజ్, మాలగా లాంటి ఊళ్లలో పాటల కఫేలు వెలిశాయి. జనం బల్లల దగ్గర కూర్చుని తాగుతూ పాట వినేవాళ్లు. సిల్వేరియో 1881లో సెవిల్‌లో తన సొంత కఫే తెరిచాడు. పాట వృత్తి అయింది, వాయించడమూ వృత్తి అయింది. ఒకే రాత్రి ఒకే వేదిక మీద బొంగురు గొంతు మగమనిషి, సన్న గొంతు ఆడమనిషి, ముసలాయన ఒకరి తరువాత ఒకరు పాడతారు. గిటారు కొట్టేవాడు మాత్రం ఒక్కడే ఉంటాడు. ఒకరికి ఆరు శ్రుతి, ఇంకొకరికి రెండున్నర. ఏం చేయాలి?

కార్డులు మార్చుకుంటే సరిపోదా అని గిటారు తెలిసిన పిల్లలు అడగవచ్చు. సరిపోదు. ఫ్లమెంకో గిటారు బలమంతా వదిలిన తీగల్లో ఉంది. వేలు పెట్టని తీగ మోగుతుండగా దాని పక్కన వేళ్లు ఆడాలి. గోళ్లు వెనక్కి విసిరి తీగలన్నీ కొట్టే రస్గేయాదోకూ ఆ మోత కావాలి. ఆరున్నర శ్రుతిలోనో ఒకటిన్నర శ్రుతిలోనో కార్డు పట్టాలంటే చూపుడువేలును అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కాలి. అప్పుడు చెయ్యి బిగుసుకుపోతుంది, మోత చచ్చిపోతుంది, పక్కన చిన్న గమకం వేయడానికి కూడా వేలు మిగలదు.

జవాబు ఒక చిన్న కొయ్యముక్క. దాని పేరు సెహియా. గిటారు మెడ మీద అడ్డంగా పెట్టి, తీగతో చుట్టి, మరతో బిగిస్తారు. కింద తోలు అద్ది ఉంటుంది. మనం కాపో అని పిలిచే సాధనమే. దాన్ని ఒక మెట్టు పైకి జరిపితే గిటారంతా అరశ్రుతి పెరుగుతుంది. చెయ్యి మాత్రం అదే చెయ్యి, పట్టు అదే పట్టు, వదిలిన తీగల మోత అదే మోత. ఫ్లమెంకోలో దీన్ని వాడుకలోకి తెచ్చిన ఘనతను సంప్రదాయం కాదిజ్ ఊరి హొసే పతీన్యోకు (1829–1902) ఇస్తుంది. ఆయనను ఇప్పటికీ 'మాస్టరు పతీన్యో' అనే తలుచుకుంటారు. పక్కవాయిద్య కళకు ఆయన్ను పెద్దదిక్కుగా చెప్తారు.

రెండు పట్లు, పన్నెండు శ్రుతులు

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. అసలు అందం ఇందులోనే ఉంది.

ఫ్లమెంకో గిటారుకు రెండు ముఖ్యమైన పట్లు. ఒకటి 'పోర్ అరీబా', పైన అని అర్థం. ఇందులో ఇల్లు ఇ కార్డు. రెండోది 'పోర్ మేదియో', మధ్యన అని అర్థం. ఇందులో ఇల్లు ఏ కార్డు. సొలెయా, ఫందాంగో సాధారణంగా మొదటి పట్టులో; సెగిరియా, తియెంతో, బులెరియా ఎక్కువగా రెండో పట్టులో వాయిస్తారు.

మన హార్మోనియం లెక్కలో చూద్దాం. మన తమిళనాట కట్టై అంటారు, ఆంధ్రా నాటకాలవాళ్లు శ్రుతి అంటారు. ఒకటి అంటే సి. సెహియా లేకుండా మొదటి పట్టు మూడు శ్రుతిలో మోగుతుంది. ఒకటో మెట్టు మీద పెడితే నాలుగు, రెండో మెట్టుకు నాలుగున్నర, మూడుకు ఐదు, నాలుగుకు ఐదున్నర. ఇక రెండో పట్టు: సెహియా లేకుండా ఆరు, ఒకటో మెట్టుకు ఆరున్నర, రెండుకు ఏడు, మూడుకు ఒకటి, నాలుగుకు ఒకటిన్నర, ఐదుకు రెండు, ఆరుకు రెండున్నర. లెక్క పెట్టండి, పన్నెండు శ్రుతులూ వచ్చేశాయి! రెండు చేతి పట్లు, ఒక కొయ్యముక్క. అంతే.

అందుకే అక్కడ గాయకుడు వేదిక ఎక్కేముందు శ్రుతి పేరు చెప్పడు. 'మూడు మీద, పోర్ మేదియో' అంటాడు. వాయించేవాడు సెహియా జరిపి రెండు మోతలు మోగిస్తాడు. గాయకుడు 'ఆయ్' అని నెమ్మదిగా గొంతు కలుపుతాడు. దానికి తెంప్లే అని పేరు, శ్రుతి చేసుకోవడమన్నమాట. కుదరకపోతే ఇంకో మెట్టు జరుపుతారు. ఆ పూట గొంతు బాగాలేకపోతే సెహియా ఒక మెట్టు కిందికి దిగుతుంది. గొంతును ఎవరూ తిట్టరు.

ఆ నాలుగు కార్డులు

పట్టు ఏదైనా నడక ఒకటే. మొదటి పట్టులో ఏ మైనర్, జి, ఎఫ్, ఇ అని నాలుగు మెట్లు దిగి ఇల్లు చేరాలి. రెండో పట్టులో డి మైనర్, సి, బి ఫ్లాట్, ఏ. సంగీత గ్రంథాల్లో దీనికి అండలూసియా ముగింపు అని పేరు. పాశ్చాత్య సంగీతంలో మామూలుగా పాట పైనుంచి వచ్చే జి లాంటి కార్డుతో లాగి సి మీద ముగుస్తుంది. ఇక్కడ అట్లా కాదు. ఇంటికి అరమెట్టు పైన ఉన్న ఎఫ్ నుంచి జారి ఇ మీద వాలుతుంది. ఆ అరమెట్టు జారుడులోనే ఫ్లమెంకో దుఃఖమంతా ఉంది.

ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్లు ఒక పని చేసి చూడండి. మూడు శ్రుతి తెల్లమెట్టును షడ్జమంగా పెట్టుకుని నల్లమెట్లు ముట్టకుండా పైషడ్జం దాకా వాయించండి. మనకు బాగా తెలిసిన హనుమతోడి మేళం స్వరాలు వస్తాయి. ఫ్లమెంకో స్వరాలు కూడా అవే. కానీ ఇల్లు చేరినప్పుడు పట్టే ఇ కార్డులో గాంధారం ఒక అరమెట్టు పెరిగి అంతర గాంధారం అవుతుంది. అప్పుడు స్వరాలు వకుళాభరణానివి. అంటే ఒకే పాటలో రెండు గాంధారాలూ వస్తూ పోతూ ఉంటాయి. హితానోలు మన దేశం నుంచి వెళ్లారు కాబట్టి తోడిని వాళ్లే మోసుకుపోయారని కొందరు ఉత్సాహంగా రాస్తుంటారు. స్వరాలు కలవడం చుట్టరికానికి సాక్ష్యం కాదు. అరబ్బు సంగీతంలోనూ, పాత క్రైస్తవ ప్రార్థనల్లోనూ ఈ మెట్ల వరసలు ఉన్నాయి. మనకు అది వినడానికి దగ్గరగా అనిపిస్తుంది, అంతవరకు చాలు.

గనుల పాటకు వేరే ఇల్లు

రెండు పట్లతో కథ ముగియలేదు. తూర్పు వైపు అల్మెరియా, లినారెస్, కార్తహేనా పక్కనున్న లా ఉనియోన్ ప్రాంతాల్లో సీసం, వెండి గనులు. 19వ శతాబ్దంలో అల్మెరియా నుంచి కూలీలు లా ఉనియోన్‌కు వలస పోయారు. వాళ్లతో వాళ్ల పాటలూ పోయాయి. వాటిలో పేరున్నది తరాంతా. తాళం కట్టు లేకుండా, మెలికలు తిరుగుతూ, ఎక్కడ నిలుస్తుందో చెప్పలేనట్టు సాగే పాట.

దీనికి గిటారువాళ్లు ఎఫ్ షార్ప్ మీద కొత్త ఇల్లు కట్టారు. బొటనవేలు ఎఫ్ షార్ప్ మోగిస్తుంటే పైతీగలు కొన్ని వదిలేసి ఉంటాయి. ఆ వదిలిన తీగలకూ కార్డుకూ పొత్తు కుదరదు, ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. మామూలు సంగీతంలో తప్పనిపించే ఆ ఒరుపే ఇక్కడ గని చీకటిని వినిపిస్తుంది. గ్రనాయినా పాటకు బి మీద, మినేరాకు జి షార్ప్ మీద ఇట్లాగే ఇళ్లు కట్టారు. ఈ పనిలో హెరెజ్‌కు చెందిన ఆంతోనియో చకోన్ (1869–1929) గొంతు, రమోన్ మొంతోయా గిటారు జోడీకి పెద్ద వాటా ఉంది. చకోన్ మెలికలు మరీ సున్నితమైనవి. వాటిని అందుకోవడానికి మొంతోయా చెయ్యి కొత్త దారులు వెతుక్కోవలసి వచ్చింది. గాయకుడి గొంతే గిటారుకు గురువు అయిందని నేననేది ఇందుకే. లా ఉనియోన్‌లో 1961 నుంచి గనుల పాటల ఉత్సవం జరుగుతోంది.

ఫందాంగో సంగతి ఇంకో వింత. గిటారు ఒంటరిగా వాయించే భాగం ఇ ఇంట్లో ఉంటుంది. గాయకుడు నోరు తెరవగానే పాట సి మేజర్‌లోకి వెళ్లిపోతుంది. ఆరు పాదాల చివర వరసగా సి, ఎఫ్, సి, జి, సి వచ్చి, ఆరో పాదం ఎఫ్ మీదుగా జారి మళ్లీ ఇ ఇంటికి వస్తుంది. వేరే ఊరు వెళ్లి సాయంత్రానికి సొంత గడప తొక్కినట్టు. తెలియనివాడు వాయిస్తే ఆ ఆరో పాదం దగ్గర సి మీదే ఆగి గాయకుణ్ణి నడివీధిలో వదిలేస్తాడు.

వినడమే విద్య

శ్రుతి కుదిరింది, కార్డులు తెలుసు. అయినా పక్కవాయిద్యం రాదు. ఎందుకంటే గాయకుడు ఒక పాదాన్ని ఎంత సాగదీస్తాడో ముందు తెలియదు. సొలెయాకు 12 మాత్రల కొంపాస్ ఉంది, అంటే తాళావర్తనం. ఊనికలు 3, 6, 8, 10, 12 మీద. గిటారు ఆ చక్రాన్ని తప్పకూడదు. కానీ గాయకుడు ఇంకా పైస్వరం మీద వేలాడుతుంటే ముందే ఇ కార్డు కొట్టి ఇల్లు మూసేయకూడదు. కొన్ని పాదాల్లో గొంతు ఉన్నట్టుండి సి వైపు తిరుగుతుంది. ఆ తిరుగుడును ఊపిరి తీసుకునే తీరులోనే పసిగట్టి జి కార్డుతో దారి చూపాలి. గొంతుతోపాటు అదే మెలోడీ వాయించడం పద్ధతి కాదు. గొంతు పాడుతున్నంతసేపు అడుగున నేల పరచాలి, పాదం ముగిశాక చిన్న జవాబు చెప్పాలి, గాయకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధిలో ఫల్సేతా అనే చిన్న గత్ వేయాలి. మన పద్యనాటకంలో నటుడు రాగం తీస్తుంటే హార్మోనిస్టు కళ్లన్నీ ఆయన గొంతు మీదే పెట్టి వెంట నడిచినట్టు.

మోరోన్ ఊరి దియెగో దెల్ గస్తోర్ ఈ విద్యలో పొదుపుకు పేరు పొందాడు. ఉత్రేరా ఊరి ఫెర్నాండా గొంతు బొంగురు, పగిలిన గొంతు. సొలెయా పాడితే ఆమే పాడాలన్నారు జనం. ఆమె పక్కన దియెగో నాలుగు మోతలు మోగించి ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడంలోనే గొంతు పెద్దదయ్యేది.

గ్రనాడాలో 1922 జూన్ 13, 14 తేదీల్లో స్వరకర్త మాన్యుయెల్ దె ఫాయా, కవి లోర్కా తదితరులు ఆల్హంబ్రా కోటలో పాటల పోటీ పెట్టారు. వృత్తి గాయకులకు ప్రవేశం లేదు. పల్లె గొంతులు అంతరించిపోతున్నాయని వాళ్ల దిగులు. న్యాయనిర్ణేతలకు పెద్ద చకోన్. దియెగో బెర్ముదెజ్ అనే ముసలాయనకు, మనోలో కరకోల్ అనే పసివాడికి బహుమతులు వచ్చాయి. వాళ్లిద్దరి గొంతులకూ ఎంత తేడా ఉంటుందో ఊహించండి. ఇద్దరి పక్కనా గిటారు నిలబడగలిగిందంటే పతీన్యో కాలం నుంచి వచ్చిన ఆ చిన్న కొయ్యముక్క చలవే.

తరువాత గిటారు తన కాళ్ల మీద నిలబడింది. మొంతోయా, సబికాస్ ఒంటరి కచేరీలు చేశారు. పాకో దె లూసియా (1947–2014) దాన్ని ప్రపంచమంతా తిప్పాడు. ఆయన కూడా 1969 నుంచి 1977 దాకా కమరోన్ అనే హితానో గాయకుడి పక్కన కూర్చుని వరసగా రికార్డులు చేసినవాడే. 2010లో యునెస్కో ఫ్లమెంకోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మన సంగతి

ఇట్లాంటి పని మనవాళ్లూ చేశారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వయొలిన్‌ను మన పాటకు తెచ్చినప్పుడు గొంతును వయొలిన్ శ్రుతికి మార్చలేదు. తీగలే స, ప, స, ప అయి గాయకుడి శ్రుతికి ఎక్కాయి, దిగాయి. వయొలిన్ ఒడిలోకి వచ్చి కూర్చుంది.

మరి ఇప్పుడు మన సంఘాల వేదికల మీద ఏం జరుగుతోంది? ఫోనులో దొరికిన ట్రాకు పెడతాం. దాని శ్రుతి సినిమా గాయని శ్రుతి. మన అవ్వలు, అత్తలు రెండు పాదాలు పాడి, అందక, నవ్వి దిగిపోతారు. 'వయసైంది, గొంతు పోయింది' అంటారు. గొంతు పోలేదు, ట్రాకు దిగలేదు. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా, యానాంలోనైనా మంగళహారతులు, పెండ్లి పాటలు, లాలి పాటలు గుర్తున్నది ఆ గొంతులకే. తరాలుగా వేరే భాషల మధ్య బ్రతుకుతున్న మనకు ఆ పాటలు ఎంత విలువైనవో నేను వేరే చెప్పనక్కరలేదు. అచ్చు పుస్తకంలో వాటి మాటలు ఉండవచ్చు, మెలికలు మాత్రం గొంతులోనే ఉన్నాయి.

నా విన్నపం చిన్నది. రానున్న పండుగ కార్యక్రమంలో పెద్దవాళ్లను ముందు వాయిద్యం లేకుండా పాడనివ్వండి. ఫోనులో రికార్డు చేయండి. వాళ్ల షడ్జం ఎక్కడుందో మన పిల్లల్లో సంగీతం వచ్చినవాళ్లు చూసి పాట పేరు పక్కన శ్రుతి రాసిపెట్టండి. ఆ తరువాతే కీబోర్డు. చాలా ఎలక్ట్రానిక్ కీబోర్డుల మీద ట్రాన్స్‌పోజ్ అనే మీట ఉంటుంది, అదే మన సెహియా. దాన్ని నొక్కడానికి ఒక్క క్షణం పడుతుంది. ముందు అడగాలి, అంతే: 'అవ్వా, నీకు ఎక్కడ అనుకూలం?'

మీ ఇంట్లో ఎవరు ఏ పాట పాడతారో కింద రాయండి. శ్రుతి తెలిస్తే అదీ రాయండి. తెలియకపోతే పాట పంపండి, మనమే కూర్చుని చూద్దాం.